అబో కనుమ దారి

సెప్టెంబరు చివర్లో ఒక ఉదయం నేనూ, మా మామగారూ కారులో ఆపిల్ పళ్ళ సహకార సంఘానికి వెళ్తున్నాం. నాకు డ్రైవింగ్ వచ్చు. తోటలో చిన్న ట్రక్కు రోజూ నేనే నడుపుతాను. కానీ మామయ్య కూర్చున్న కారులో స్టీరింగ్ మామయ్యదే. ఎనభై దాటినా ఆ హక్కు ఆయన ఎవరికీ వదల్లేదు.

బడి దగ్గర రోడ్డు దాటే గీతల ముందు పసుపు టోపీల పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ముందున్న పిల్ల బళ్ళో నేర్పినట్టే చెయ్యి పైకెత్తి రోడ్డు మీదికి అడుగు వేసింది. కారు వేగం తగ్గలేదు. నేను మామయ్య మొహంలోకి చూశాను. ఆయన ప్రశాంతంగా కొండల వైపు చూస్తూ నడుపుతున్నారు.

"మామయ్యా!" అని గొంతు చించుకుని అరిచాను.

బ్రేకు పడింది. నా నుదురు అద్దానికి కొట్టుకోబోయి ఆగింది. పిల్లలు దాటారు. మా ప్రాంతంలో పిల్లలకి ఒక అలవాటు ఉంది, దాటాక వెనక్కి తిరిగి ఆగిన కారుకి నమస్కారంగా తల వంచుతారు. ఆ పిల్ల కూడా తిరిగి మాకు తల వంచింది. ఆ చిన్న టోపీ అలా కిందికి వంగడం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"ఎందుకలా అరుస్తావు? నాకు కనబడుతూనే ఉంది" అన్నారు మామయ్య. "నీ అరుపుకే గుండె ఆగి చచ్చేవాణ్ణి."

ఇంటికి వచ్చాక అత్తయ్యకి చెప్పాను. షెడ్డులో సినానో స్వీట్ రకం ఆపిల్ పళ్ళు రంగు చూసి విడదీస్తోంది. చేతిలో పండు చేతిలోనే ఆగిపోయింది.

"మళ్ళీనా?" అంది.

మళ్ళీ అంటే అంతకు ముందు కూడా జరిగిందన్నమాట. ఎక్కడ, ఎప్పుడు అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కాసేపటికి పండుని పెట్టెలో పెట్టి, "ఎవరి పిల్లనో చంపేదాకా ఆయన ఆపరు చిజురూ. నేను చెప్తే వినరు. నీ మొగుడు చెప్పడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఆ కారు తాళం ఆయన చేతిలోంచి తప్పించు" అంది.

చెప్పడానికేముంది, ఎవరో ఒకరు ఆ మాట అనేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. మా మొమోసేల ఇంట్లో అలా కుదరదు. ఇక్కడ అసలు మాట ఎవరూ అనరు. మామయ్య కుర్రతనంలో అబో కనుమ మీదుగా దుంగల లారీ నడిపిన మనిషి. ఆ కొండలో సొరంగం లేని రోజుల్లో, మంచు పడే ముందు ఆఖరి లారీ దించింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మధ్య లైసెన్సు కోసం ముసలి డ్రైవర్లకి పోలీసులు పెట్టే జ్ఞాపకశక్తి పరీక్షలో గడియారం బొమ్మ గీయమంటే గీసి, చూపించిన బొమ్మల పేర్లన్నీ గడగడా అప్పజెప్పి వచ్చారు. "పోలీసులే నా బుర్ర భేషుగ్గా ఉందన్నారు" అని వారం రోజులు ఊరంతా చెప్పారు. బుర్ర సంగతి సరే. కళ్ళూ, మెడా, కాలూ ఎలా ఉన్నాయో ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకొక ఉపాయం తట్టింది. సినానో స్వీట్ కోత అయిపోయాక, ఫుజి రకం పళ్ళు ఎర్రబడేలోపు మాకు నాలుగు రోజులు తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో అందరం బస్సులో వెళ్ళి, హిరాయు వేడినీళ్ళ ఊళ్ళో ఒక రాత్రి, తకయామాలో ఒక రాత్రి ఉండి వద్దాం. అన్ని రోజులు స్టీరింగ్ ముట్టుకోకుండా హాయిగా తిరిగితే, ముట్టుకోకపోయినా బతకొచ్చని ఆయనకే అర్థమవుతుంది. ఎవరూ నోరు విప్పక్కర్లేదు. ఈ ఉపాయం ఆలోచించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది మరి, నాకూ వీళ్ళ జబ్బు అంటుకుంది.

"ఆకులు ఎర్రబడే రోజులు. హాయిగా బస్సులో వెళ్దాం" అన్నాను.

మామయ్య ముల్లంగి ఊరగాయ కరకరా నములుతున్నారు. "బస్సెందుకు? కారుంది కదా."

"మీ మోకాలికి అంతసేపు నడపడం మంచిది కాదేమోనని" అన్నాడు మా ఆయన నోరియాకి, గిన్నెలోంచి తల ఎత్తకుండా.

"నా మోకాలికేం? వేడినీళ్ళకి వెళ్ళేదే మోకాలి కోసం కదా. ముందే బాగుంటే ఇంక వెళ్ళడమెందుకు?"

నాకు నవ్వు వచ్చింది. అత్తయ్య టీ పోస్తూ, "బస్సయితే మీరూ కొంచెం సాకే సారా పుచ్చుకోవచ్చు కదండీ" అంది మెల్లగా. అది మంచి ఎత్తు. మామయ్య నమలడం ఆపి ఆలోచించారు.

తరువాత రెండు వారాలు మా ఇంట్లో ఆ ప్రయాణం మాటే. ఆకుల రోజుల్లో గదులు దొరకడం కష్టం. నేను ఫోను పట్టుకుని సత్రాలన్నిటికీ చేశాను. లిఫ్టు ఉన్న కొత్త సత్రం నాకు నచ్చింది. మామయ్యకి మాత్రం తను లారీ ఆపి స్నానం చేసిన పాత సత్రమే కావాలి. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయని నేనంటే, "ఆ మెట్లు నాకు తెలుసు, నేను ఆ మెట్లకి తెలుసు" అన్నారు. సరే, అదే తీసుకున్నాను. ముందు హిరాయు, తరువాత తకయామా అని నేనంటే, ఆయన తిరగేసి చెప్పారు. చివరికి నా మాటకే ఒప్పుకున్నారు. బస్సు గురించి ఒక్క మాటా అనలేదు. సీట్లు తీసుకున్నానని చెప్తే, "ఊఁ" అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. గెలిచాననుకున్నాను.

బయల్దేరే ముందు రోజు, ఏ వైపు సీట్లు ఇచ్చారో కనుక్కుందామని బస్సు ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి ఎంతో వినయంగా, "మొమోసే గారి సీట్లా అండీ? మీ ఇంటి పెద్దాయన మొన్ననే ఫోన్ చేసి రద్దు చేసుకున్నారు. ఇబ్బంది పెట్టినందుకు మాకు పదిసార్లు క్షమాపణ చెప్పారండీ" అంది.

వేరే సీట్లు ఉన్నాయా అని అడిగాను. ఆకుల రోజులు, ఒక్కటీ లేదు.

ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను. మామయ్య కారు కడుగుతున్నారు. పాటలాంటిది ఏదో పాడుకుంటున్నారు.

"బస్సు వద్దన్నారట?"

"ఆఁ. నీకెందుకు శ్రమ అని నేనే చెప్పేశాను" అన్నారు, చక్రం మీద నీళ్ళు పోస్తూ. "ఆ డబ్బు పెట్టి అత్తయ్యకి ఏదన్నా కొను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన నా ఆట పూర్తిగా కనిపెట్టేశారు. నా ఆట నాకే తిప్పికొట్టారు, నవ్వు మొహంతో, ఒక్క పరుషమైన మాట లేకుండా. కోపగించుకోవడానికి కూడా నాకు సందు ఇవ్వలేదు.

సాయంత్రం నోరియాకికి చెప్తే గోడ మీద పిల్లిలా కాసేపు అటూ ఇటూ చూసి, "రేపు కంపెనీలో అర్జెంటు పని పడింది. మీరు ముగ్గురూ వెళ్ళిరండి" అన్నాడు.

"నీకు భయం" అన్నాను.

"భయం కాదు."

"నాన్నకి చెప్పడానికీ భయమే, నాన్న కారెక్కడానికీ భయమే. పెళ్ళాన్నీ అమ్మనీ మాత్రం ఎక్కిస్తావు."

 నేను ప్రయాణం మానేద్దామని వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యతో అన్నాను. అత్తయ్య తువ్వాళ్ళు మడతపెట్టి సంచిలో సర్దుతోంది.

"మనం ఎక్కకపోతే ఆయన ఒక్కరే వెళ్తారు. ఆ మాట నీకూ తెలుసు" అంది. "పక్క సీట్లో నువ్వు కూర్చో. నీ గొంతు గట్టిది."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పక్క సీట్లో నేను, వెనక అత్తయ్య. మాత్సుమోతో పట్నం దాటి లోయలోకి వచ్చేదాకా ఆయన బాగానే నడిపారు. ఎంత బాగా అంటే, అనవసరంగా మనిషిని అనుమానించానా అనిపించింది. ఇరుకు సొరంగాల్లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా నా కాలు ఉత్త నేలని తొక్కుతోంది. మామయ్య ఓరకంట చూసి, "అక్కడ బ్రేకు లేదమ్మాయ్" అన్నారు.

నకనోయు దగ్గర దారి రెండుగా చీలుతుంది. సూటిగా పోతే కొండలోంచి పెద్ద సొరంగం, నిమిషాల్లో హిరాయు. పక్కకి తిరిగితే పాత కనుమ దారి. సొరంగం బోర్డు కనబడగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. మామయ్య కారు పక్కకి తిప్పారు.

"మామయ్యా, సొరంగం అటు."

"సొరంగంలో ఏముంటుంది చూడ్డానికి, గోడ తప్ప? ఆకులు చూద్దామన్నది నువ్వేగా."

వెనక నుంచి అత్తయ్య, "ఏమండీ..." అంది. 

ఆ దారి కొండ ఒంటిని చుట్టుకుంటూ మలుపు మీద మలుపుగా పైకి పోతుంది. ఒక కారు పట్టేంత వెడల్పు. అక్కడక్కడా ఎదురు బండికి తప్పుకోవడానికి కాస్త జాగా ఉంటుంది. ప్రతి మలుపు దగ్గరా మామయ్య హారన్ కొట్టి, ఒక్క క్షణం చెవి పెట్టి విని, తిప్పుతున్నారు. చెట్లు రెండు వైపులా నిప్పు అంటుకున్నట్టు ఉన్నాయి. నేను వాటిని చూడలేదు. ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. పైకి ఎక్కినంతసేపూ ఆ చేతులు వణకలేదు. శిఖరం దాటినప్పుడు ఆయన మొహంలో ఇరవై ఏళ్ళ కుర్రాడు కనబడ్డాడు.

దిగుతుండగా మూడో మలుపులోనో, నాలుగో మలుపులోనో ఎదురుగా తెల్ల కారు ఎక్కుతూ వచ్చింది. అద్దె కారు. లోపల చిన్న వయసు జంట. ఆ కుర్రవాడు కొండదారి ఎప్పుడూ చూసినట్టు లేదు, స్టీరింగ్‌ని కరుచుకుని ఉన్నాడు. కొండ మీద ఎక్కే బండిదే ముందు దారి, దిగే బండి వెనక్కి తగ్గాలి. లారీల కాలం నుంచీ అదే మర్యాద. తప్పుకునే జాగా మా వెనకే, పైన మలుపు దగ్గర ఉంది. మామయ్య చెయ్యెత్తి, నేను తగ్గుతానని సైగ చేశారు.

రివర్సు గేరు వేశారు. వెనక్కి తిరిగి చూడబోయారు. మెడ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించారు. రాలేదు. చటుక్కున ముందుకి తిరిగి, అద్దంలో చూస్తూ కారు వెనక్కి పోనిచ్చారు. నా కిటికీలోంచి కిందికి చూస్తే మట్టి కనబడలేదు, చెట్ల తలలు కనబడ్డాయి.

"మామయ్యా, నా వైపుకి వస్తోంది. ఆపండి."

ఆయన కాలు వేశారు. కారు ఆగలేదు. ఇంజను ఒక్కసారి గర్జించి, కారు వెనక్కి దూకింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కారు. బ్రేకే తొక్కుతున్నాననుకుంటున్నారు. నేను రెండు చేతులా గేరుని న్యూట్రల్‌లోకి లాగేసి, చేతి బ్రేకు ఎత్తాను. ఇంజను ఉత్తినే అరుస్తూ ఉంది. కారు ఆగింది, నా వైపు వెనక చక్రం దగ్గర కాస్త కిందికి ఒరిగి.

"కాలు తియ్యండి" అన్నాను. అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు.

ఆయన కాలు తీశారు. ఇంజను అరుపు ఆగింది.  నా సీటు అంచు పట్టుకున్న అత్తయ్య వేళ్ళు నా భుజం పక్కనే తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎదురు కారులో కుర్రవాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

 మామయ్య బెల్టు విప్పుకుని, తలుపు తెరిచి దిగారు. కారు వెనక్కి వెళ్ళి చక్రాన్ని చూశారు. సగం రోడ్డు మీద, సగం గాల్లో ఉందట, అది నాకు తరువాత తెలిసింది. వంగి కాసేపు చూసి, నిటారుగా నిలబడి, నా వైపు చెయ్యి ఊపారు.

"చిజురూ, నువ్వు ఇటు జరిగి కూర్చో. వెనక నేను చూస్తాను."

నేను సీట్లోంచి సీట్లోకి పాకి వెళ్ళాను. అత్తయ్యని దిగమంటే, "నువ్వు నడిపితే నేను దిగను" అంది.  అద్దంలో మామయ్య, ఎర్రటి చెట్ల ముందు, చిన్నగా.

"ముందు కొండ వైపుకి తిప్పు. ఇంకా. ఇంకా. ఆపు. ఇప్పుడు తిన్నగా, నెమ్మదిగా. ఓరాయ్... ఓరాయ్... ఓరాయ్..."

లారీ వాళ్ళు వెనక్కి పిలిచే పిలుపు అది. ఆ గొంతులో తొణుకు లేదు. నేను ఆ గొంతు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. చక్రం రోడ్డెక్కింది. జాగాలోకి తెచ్చి ఆపాను. తెల్ల కారు మమ్మల్ని దాటుతూ ఆగింది. కుర్రవాడు అద్దం దించి మామయ్యకి పదేపదే తల వంచి దణ్ణాలు పెట్టాడు. మామయ్య ఒక్కసారి తల ఆడించారు.

తరువాత ఆయన నా తలుపు దగ్గరికి రాలేదు. వెనక తలుపు తెరుచుకుని అత్తయ్య పక్కన కూర్చున్నారు.  నేను హారన్ కొట్టి మలుపు తిప్పాను.

హిరాయు దాకా అద్దంలో ఆయన్ని చూస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకుని ఉన్నారు. కుడికాలు మాత్రం ప్రతి మలుపు దగ్గరా నేలని తొక్కుతోంది.

సత్రంలో ఆడవాళ్ళ స్నానాల గదిలో నేను అత్తయ్య వీపు రుద్దుతుంటే ఆవిడ నీళ్ళ వైపు చూస్తూ, "నేను అడగబట్టి ఆ తాళం నీ చేతికి వచ్చింది. ఆయన నీ మీదే కోపం పెట్టుకుంటారు. నా మీద కాదు. నాకు సిగ్గుగా ఉంది చిజురూ" అంది. నేను ఇంకో బిందె వేడినీళ్ళు వీపు మీద పోశాను.

భోజనాల వేళ నోరియాకి ఫోన్ చేశాడు. క్షేమమేనా అని కూడా అడగలేక, "ఎలా ఉంది?" అన్నాడు. మామయ్య ఫోన్ తీసుకున్నారు.

"కనుమ మీదుగా వచ్చాం. ఆకులు చాలా బాగున్నాయి. ఇన్నేళ్ళలో నేను తీరిగ్గా ఆకులు చూసింది ఇవ్వాళే" అన్నారు.

ఒక్క ఆకు కూడా ఆయన చూడలేదు. నేను చేపముల్లు ఏరుతున్నట్టు తల వంచుకున్నాను.

తకయామాలో ఏటి ఒడ్డు సంతలో అత్తయ్య ఊరగాయలు కొంది, మామయ్య మా వెనకే చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. తిరుగు ప్రయాణంలో సొరంగంలోంచి వచ్చాం. వచ్చిన వారంలోనే ఆయన ఎవరికీ చెప్పకుండా, నాలుగు ఊళ్ళ అవతల ఉన్న పోలీసు స్టేషనుకి కాలినడకన వెళ్ళి లైసెన్సు ఇచ్చేసి వచ్చారు. కారు తాళం వంటింటి గోడకి తగిలించారు. అంతే.

తాళం వచ్చింది, మనిషి దూరమయ్యాడు. ఆ నవంబరంతా ఫుజి కోత. ఆయన నాతో పళ్ళ మాట తప్ప ఇంకో మాట ఆడలేదు. కారులో ఎక్కడికైనా పోవాలంటే వెనక సీట్లో, నా వీపు వెనక, మూటలా కూర్చునేవారు. తోట నుంచి ఇంటికి ట్రక్కులో రమ్మంటే, "నడిస్తే ఒంటికి మంచిది" అనేవారు. ట్రక్కులో ఉన్నవి రెండే సీట్లు, రెండూ ముందే. నా పక్కన కూర్చోవాలి. అందుకే ఆ నడక. చీకటిపడే వేళ పళ్ళ పెట్టెలతో ఆయన్ని దాటి పోతున్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది, వెంటనే కోపమొచ్చేది. ఏ పిల్లా చావలేదు కదా, ఇంకేం కావాలి అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అయినా మనసు కుదుటపడేది కాదు.

కోత ఆఖరి రోజున వాన మొదలై, మంచుతో కలిసి పడసాగింది. పెట్టెలన్నీ ఎక్కించి టార్పాలిన్ కట్టాం. నేను ఇంజను స్టార్ట్ చేశాను. రమ్మని పిలవలేదు. పిలిచీ పిలిచీ విసిగిపోయాను. మామయ్య గట్టు మీద నిలబడి, దారి వైపు చూసి, ఆకాశం వైపు చూసి, తలుపు లాగి ఎక్కారు. తడిసిన టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

గట్టు దిగి కంకర దారిలోకి వచ్చాం. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాను.

"క్లచ్ మీద కాలు ఆనించి నడపకు" అన్నారు.

"అలాగే మామయ్యా."

"అలాగే అంటూ ఆనిస్తున్నావు. అందుకే ఏటేటా మెకానిక్కుకి డబ్బు పోసేది. గేరు మార్చు. ఆ గుంత చూశావా? వెనక పళ్ళున్నాయి, రాళ్ళు కాదు. ఎవరమ్మా నీకు నేర్పింది?"

"మీ అబ్బాయే."

"అదీ సంగతి. వాడికి నేర్పింది నేనే. వాడప్పుడూ వినలేదు."

ఆయన తిడుతూనే ఉన్నారు. వైపర్ల గురించి, అద్దం గురించి, నేను స్టీరింగ్ పట్టుకునే తీరు గురించి. నెల రోజులుగా ఆ తిట్ల కోసమే మొహం వాచి ఉన్నానని నాకు తెలిసింది. కళ్ళు మసకలేస్తే గట్టిగా మూసి తెరిచాను. మా ఇంటి మలుపు వచ్చింది. వంటింట్లో దీపం, కిటికీలో అత్తయ్య నీడ కనబడ్డాయి. నేను తిప్పలేదు. తిన్నగా పోనిచ్చాను.

"ఇల్లు దాటిపోయింది" అన్నారు మామయ్య.

"తెలుసు."

"మరి ఎక్కడికి?"

"ఎటు పోవాలో మీరు చెప్పండి మామయ్యా. నేను నడుపుతాను."

 ఆయన అరచేత్తో అద్దం మీద ఆవిరి తుడిచి, ముందుకి వంగి రోడ్డు చూశారు.

"అయితే ఎడమకి తిప్పు" అన్నారు. "మెల్లగా."